పక్క మీంచి గోడ మీదికి: అతుకుల బొంత ప్రయాణం

సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడ్డ ప్రతిసారీ మన పత్రికలవాళ్ళకు ఒక వస్తువు గుర్తొస్తుంది: అతుకుల బొంత. నాలుగు పార్టీలు కలిసి గద్దెనెక్కితే అతుకుల బొంత, పొత్తు చెడితే బొంత చిరిగింది. ఈ తిట్టు మొదట వాడినవాళ్ళు ఎవరో గాని, బొంత కుట్టినవాళ్ళు మాత్రం అయ్యుండరు. కుట్టినమ్మను అడిగితే తెలుస్తుంది, ఇంట్లో ఓ పట్టాన చిరగని గుడ్డంటూ ఉంటే అది బొంతేనని. విడిగా చూస్తే దాని ప్రతి పొరా జీర్ణించిపోయిందే, గట్టిగా లాగితే పర్రుమనేదే. అలాంటివి నాలుగైదు పరిచి దగ్గర దగ్గరగా టాకాలు వేసుకుపోతే, లాగిన బలం ఒక పోగు మీద ఆగదు. వందల కుట్లు దాన్ని పంచుకుంటాయి. కట్టి కట్టి వదిలేసిన చీర, బొంతలో చేరాక ఇంకో తరాన్ని కప్పేది ఈ లెక్క వల్లే.

బొంత చరిత్ర చెప్పడానికి రాజుల తేదీలు అక్కర్లేదు. రెండు సంగతులు వెతుక్కుంటూ పోతే చాలు. ఒకటి, ఆ కాలంలో ఆ చోట గుడ్డ ఎంత ప్రియం. రెండు, కుట్టినమనిషి పేరు మిగిలిందా లేదా. గుడ్డ ప్రియమైన చోటల్లా బొంత పుట్టింది. చవకైన చోట మూలపడి, తర్వాత ఎప్పుడో కళ అనే కొత్త పేరుతో తిరిగొచ్చింది. పేరు సంగతి మాత్రం ఇంత తిన్నగా నడవలేదు.

వరిమడి లాంటి వస్త్రం

మన నేల మీద అతుకుల బట్టకు పాత ఆనవాలు బౌద్ధ వినయ గ్రంథాల్లో ఉంది. పెంటకుప్పల మీదా, శ్మశానాల్లోనూ జనం పారేసిన గుడ్డలు ఏరి, ఉతికి, రంగువేసి కట్టుకోవడం తొలినాటి భిక్షువుల నియమం. ఆ గుడ్డకు పాంసుకూలమని పేరు. ఒకసారి బుద్ధుడు ప్రయాణంలో మగధ వరిపొలాలు చూశాడట. గట్టుకు గట్టు, మడికి మడి, వాటి మధ్య అడ్డంగా నిలువుగా కాలిబాటలు. భిక్షువులు కట్టే చీవరాన్ని ఆ తీరున కుట్టగలవా అని శిష్యుడు ఆనందుణ్ణి అడిగితే, ఆనందుడు కుట్టి చూపించాడు. ముక్కలుగా కోసి కుట్టిన బట్ట మీద దొంగకు కూడా ఆశ పుట్టదన్నది అందులోని కిటుకు. కృష్ణాతీరంలో ధాన్యకటకం, నాగార్జునకొండ ఆరామాలు వెలసిన చోట ఈ వరిమడి పోలిక ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

ఆ చీవరం బౌద్ధంతోపాటు మధ్య ఆసియా ఎడారి దాటి చైనా, జపాను చేరింది. 1907లో ఆరెల్ స్టెయిన్ దున్‌హువాంగ్ దగ్గర మొగావో గుహల్లో సేకరించిన వాటిలో పట్టుముక్కలు అతికిన వస్త్రం ఒకటుంది. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. భక్తులు ఇచ్చిన రకరకాల పట్టు పేలికలను ఓపిగ్గా జతచేసిన ఆ చెయ్యి ఎవరిదో ఎక్కడా రాయలేదు.

వైదిక సన్న్యాసులకూ ఇదే బట్ట. వీధిలో దొరికిన పేలికలతో కుట్టుకున్న కంథ ప్రస్తావన భజగోవిందంలో వస్తుంది. సంస్కృతంలో కంథ, బెంగాలీలో కాంథా, మనకు బైరాగి భుజం మీది బొంత. అయితే సన్న్యాసి అన్నీ వదులుకుని బొంత కప్పుకున్నాడు. ఇల్లాలు ఏదీ వదలకూడదని బొంత కుట్టింది. పుణ్యం, పేరు మొదటివాడికి దక్కాయి.

అంచులోంచి తీసిన దారం

ఇళ్ళలో పాతచీరల కుట్టు నిండుగా పండింది తూర్పు, పశ్చిమ బెంగాలుల్లో. మెత్తబడిన తెల్లచీరలు, ధోవతులు పొరలుగా పరిచి, చీర అంచుల్లోంచి ఎరుపు, నీలం, నలుపు దారాలు లాగి, ఆ దారంతోనే కుట్టేవారు. గుడ్డా పాతదే, దారమూ పాతదే. కొన్నది సూది ఒక్కటే. కుట్టు కూడా అన్నిట్లోకీ సులువైన టాకా కుట్టే. దాన్ని దగ్గరగా, దూరంగా, వరస తప్పించి నడిపిస్తూ నడుమ శతదళ పద్మాన్నీ, మూలల్లో మామిడిపిందెల్లాంటి కల్కలనూ, ఖాళీల్లో రథం, పల్లకి, చేప, దువ్వెన, అడకత్తెరలనూ నింపారు. బొమ్మ చుట్టూ ఉన్న తెల్లజాగా కూడా ఖాళీగా వదలరు. తెల్లదారంతో అలలు అలలుగా కుట్టడంతో గుడ్డ సన్నగా ముడతపడి, గాలికి కదిలిన చెరువు నీళ్ళలా కనిపిస్తుంది. కప్పుకోడానికి లేప్, పరుచుకోడానికి సుజని, పుస్తకాలు చుట్టడానికి బయతన్, అద్దం దువ్వెన చుట్టడానికి ఆర్శిలత: అవసరానికొక పేరుంది.

కుట్టినవాళ్ళ పేర్లు మాత్రం అరుదు. అందుకే కోల్‌కతా శివార్లలోని గురుసదయ్ మ్యూజియంలో ఉన్న ఒక కాంథా ముందు మనం కాస్త ఆగాలి. ఖుల్నా ప్రాంతానికి చెందిన మానదాసుందరి దాసి 19వ శతాబ్దంలో తన తండ్రి కోసం దాన్ని కుట్టి, తన చేత్తో కుట్టానన్న సంగతి కూడా అక్షరాలుగా కుట్టిపెట్టింది. ఆడపిల్లకు చదువు చెప్పడమే వింతగా ఉన్న రోజుల్లో సూదితో సంతకం పెట్టిందామె.

20వ శతాబ్దం వచ్చేసరికి మిల్లుగుడ్డ ఊళ్ళలోకి దిగి కాంథా వెనకబడింది. సరిగ్గా అప్పుడే దాన్ని వెతుక్కుంటూ పండితులు బయల్దేరారు. ఐసీఎస్ అధికారి గురుసదయ్ దత్ ఊరూరా తిరిగి సేకరించాడు. 1929లో జసీముద్దీన్ రాసిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యంలో విరహిణి సాజు తన బతుకంతా ఒక కాంథా మీద కుట్టి చనిపోతుంది. దాన్ని ఆమె సమాధి మీద పరుస్తారు. 1939లో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ కాంథా మీద వ్యాసం రాసింది. ఆమె కూడబెట్టిన కాంథాలు తర్వాత అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియం చేరాయి. నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ప్రీతికణా గోస్వామికి, 2024లో తక్దీరా బేగంకు పద్మశ్రీ వచ్చాయి. మానదాసుందరి సూదిసంతకం తర్వాత రాష్ట్రపతి భవన్ పిలుపు రావడానికి వందేళ్ళకు పైనే పట్టింది.

మన అద్దకం, వాళ్ళ అతుకు

ఇంగ్లండులో నడిచిన ముక్కల కుట్టుకు మన తీరంతో బంధుత్వం ఉంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం మొదలు కోరమాండల్ తీరం పొడుగునా కలంకారీ అద్దకాలు ఓడలెక్కాయి. ఉతికినా వెలవని ఆ ఎరుపుకు అక్కడి జనం మురిసిపోయారు. ఆ మోజుకు బెదిరి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోలపెడితే, అద్దకపు నూలుబట్ట కట్టడాన్నే నిషేధిస్తూ 1721లో చట్టం చేశారు. అది 1774 దాకా అమల్లో ఉంది. అలాంటి గుడ్డలో గోరంత ముక్క మిగిలినా పారేసే ప్రశ్న లేదు. కంబ్రియాలోని లెవెన్స్ హాల్ భవనంలో ఉన్న 1708 ప్రాంతపు పక్కదుప్పటి భారతీయ అద్దకపు ముక్కలతో కుట్టిందే. గుడ్డ ఎక్కడిదో నిపుణులు చెప్పగలరు. కుట్టినవాళ్ళ సంగతి అంత గట్టిగా చెప్పలేరు.

18వ శతాబ్దంలోనే గుడ్డముక్కే పేరుకు బదులు నిలబడ్డ చోటు లండన్‌లో ఉంది. 1741లో తెరిచిన అక్కడి ఫౌండ్లింగ్ ఆస్పత్రి, పెంచుకోలేని తల్లుల దగ్గర పసిపిల్లలను తీసుకునేది. తల్లి పేరు రాసేవారు కాదు. ఎప్పటికైనా తిరిగొస్తే గుర్తుపట్టడానికి బిడ్డ బట్టల్లోంచి ఓ ముక్క కత్తిరించి కాగితానికి గుచ్చేవారు. అలాంటి ముక్కలు 5 వేల దాకా ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 1767లో సారా బెండర్ అనే తల్లి, సూదులు పెట్టుకునే అతుకుల తిత్తి ఒకదాన్ని కోసి సగం అక్కడ వదిలి, సగం తనతో తీసుకెళ్ళింది. దాని మీద ఎర్రదారంతో కుట్టిన గుండె బొమ్మ కూడా రెండు చెక్కలైంది. ఎనిమిదేళ్ళ తర్వాత, 1775లో ఆమె తిరిగొచ్చి కొడుకును తీసుకెళ్ళింది. అక్కడ చేరిన వేల పిల్లల్లో ఇలా తల్లిని చేరినవాళ్ళు చాలా కొద్దిమంది.

గుడ్డముక్క విలువ అంటున్నాం గనక ఇక్కడే జపాను మాటా చెప్పుకోవాలి. ఉత్తరాన అవొమొరి ప్రాంతపు చలికి పత్తి పండదు. పశ్చిమతీరపు ఓడలు మోసుకొచ్చే పాత నూలుపేలికలే అక్కడి రైతులకు సిరి. జనపనార బట్ట మీద ఆ పేలికలు వేసి, చిరిగిన చోటల్లా మాసిక మీద మాసిక వేసి, తాతల నుంచి మనుమల దాకా కట్టారు. దాని పేరు ‘బోరో’, మన మాటలో చింకిగుడ్డ. బతుకు బాగుపడ్డాక వాళ్ళు దాన్ని చూసి సిగ్గుపడి దాచేశారు. ఆ చింకిగుడ్డలే తర్వాత టోక్యోలో అద్దాల పెట్టెలకెక్కాయి.

పత్తి ఏరిన చేతులకు గుడ్డ కరువు

పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి చవకగుడ్డ ఇచ్చింది మాంచెస్టర్ మిల్లులు. ఆ మిల్లులకు పత్తి ఇచ్చింది అమెరికా దక్షిణాది బానిసల చేతులు. ఆ గుడ్డ మన ఊళ్ళకొచ్చి నేతగాడి మగ్గాన్ని ముంచింది. పత్తి ఏరిన వాళ్ళ ఇళ్ళకు మాత్రం చాలినంత చేరలేదు.

జార్జియాలో 1837లో బానిసగా పుట్టిన హ్యారియట్ పవర్స్ బైబిలు కథలను గుడ్డ బొమ్మలుగా కత్తిరించి పదకొండు గళ్ళ బొంత కుట్టింది. 1886లో ఏథెన్స్ ఊరి పత్తి ప్రదర్శనలో జెన్నీ స్మిత్ అనే చిత్రకారిణి దాన్ని చూసి అడిగితే, ఎంతిచ్చినా అమ్మనంది. చేతిలో డబ్బాడక 1891లో తానే తీసుకెళ్ళి 10 డాలర్లు అడిగి, 5 డాలర్లకు ఒప్పుకుంది. ఏ గడిలో ఏ కథ ఉందో విడమరిచి చెప్పి మరీ ఇచ్చింది. ఆ తర్వాత కూడా అత్తారింటికి పంపిన పిల్లను చూడబోయినట్టు దాన్ని చూసి రావడానికి వెళ్ళేది. స్మిత్ ఆ మాటలన్నీ రాసిపెట్టబట్టి పవర్స్ పేరు మనదాకా వచ్చింది. ఆ బొంత ఇప్పుడు స్మిత్‌సోనియన్ వారి దగ్గరుంది.

అలబామా నది వంక తిరిగిన చోట, మూడువైపులా నీళ్ళున్న పల్లె జీస్ బెండ్. 1932లో అప్పిచ్చిన వర్తకుడి కుటుంబం బాకీ కింద పశువులనూ పనిముట్లనూ సైతం తోలుకుపోయిన ఊరు అది. అక్కడ ఆడవాళ్ళు చిరిగిన పనిబట్టలు, పిండిసంచులు కలిపి కుట్టుకున్నారు. కొలబద్ద లేదు, అచ్చు లేదు. ఒక ముక్క చుట్టూ పట్టీలు వేసుకుంటూ పోయే పద్ధతికి ‘హౌస్‌టాప్’ అని పేరు. 1942లో భర్త పోయాక మిస్సోరి పెట్‌వే ఆయన పొలంబట్టలన్నీ తీసి, ఆయన్ని తలచుకుంటూ కప్పుకోడానికి బొంత కుట్టింది. వెలిసిన నీలం, అందులో మోకాలి దగ్గర రంగు నిలిచిన మచ్చ: ఒక మనిషి ఒడ్డూపొడుగూ అందులో కనిపిస్తాయి. అది ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఆ ఊరి నల్లజాతివాళ్ళు ఓటు నమోదుకు కదిలేసరికి 1962లో నది దాటే ఫెర్రీని ఆపేశారు. అది మళ్ళీ నడిచింది 2006లోనే. మధ్యలో, 1966లో ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పుట్టింది. 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ దిండుగలీబులు కుట్టించుకుంటే, మిగిలిన కార్డురాయ్ పీలికలు ఊళ్ళో కొత్త బొంతలయ్యాయి. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ఈ బొంతల ప్రదర్శన పెడితే విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకారుల పనుల సరసన కూర్చోబెట్టారు. 2006లో వాటి బొమ్మలతో తపాలాబిళ్ళలు వచ్చాయి. ఆ వెనకే తగవూ వచ్చింది. తమ పనిమీద వచ్చిన సొమ్ములో తమ వాటా ఏదని కొందరు 2007లో కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది ఆ దావాలు ముగిశాయి. గుడ్డకు వెల పెరగ్గానే పేరుకూ వెల వచ్చింది.

గోనెపట్టా మీద సాక్ష్యం

సూదిని చూసి ఎవరూ అనుమానపడరు. ఆడవాళ్ళు కూర్చుని కుట్టుకుంటున్నారంటే కాపలావాడు పట్టించుకోడు. 1942లో జపాను సైన్యం సింగపూర్‌ను పట్టుకున్నాక చాంగీ జైల్లో నిర్బంధించిన స్త్రీలు, ఎథెల్ మల్వనీ అనే కెనడా మహిళ చొరవతో దొరికిన గుడ్డల మీద చదరాలు కుట్టారు. ఒక్కో బొంతకు 66 చదరాలు. ప్రతి చదరం మీదా ఓ బొమ్మ, కుట్టినామె పేరు. ఆస్పత్రికని చెప్పి పంపిన ఆ బొంతలు మగవాళ్ళ శిబిరం చేరాయి. నా భార్య బతికే ఉందని భర్త తెలుసుకోడానికి ఆ పేరే ఉత్తరం.

చిలీలో ఈ పేరు సంగతి తలకిందులైంది. అక్కడ గోనెపట్టాను అర్పిల్యేరా అంటారు. జానపద గాయని వియొలేటా పారా గోనెగుడ్డ మీద కుట్టిన బొమ్మలు 1964లోనే పారిస్‌లో లూవ్ర్ ప్రాంగణం దాకా వెళ్ళాయి. 1973 సెప్టెంబరు 11న పినొచే సైనిక కుట్ర జరిగాక, మాయమైపోయినవాళ్ళ భార్యలూ తల్లులూ శాంటియాగోలో చర్చి నీడన చేరి అదే గోనె మీద కుట్టసాగారు. వెనక ఆండీస్ కొండలు, పైన సూర్యుడు, కింద అగ్గిపుల్లంత మనుషులు. కొన్నిటిలో ఆ మనుషులకు తొడిగింది మాయమైన కొడుకు చొక్కాముక్కే. అవి దేశం దాటి వెళ్ళి, పత్రికలు చెప్పలేని సంగతి చెప్పాయి. పేరు బయటపడితే ప్రాణానికే ముప్పు కనుక వాటిలో చాలావాటి మీద సంతకం లేదు. మన ఇళ్ళలో ఎవరూ అడగక పోయిన పేరు అక్కడ కావాలని దాచుకున్న పేరు.

1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో పరిచిన ఎయిడ్స్ స్మారక బొంతకు మూలమే పేర్లు. ఆ ఉద్యమం పేరు కూడా ‘నేమ్స్ ప్రాజెక్ట్’. సమాధి కొలతలో, మూడడుగుల వెడల్పు ఆరడుగుల పొడవు ముక్క ఒక్కో మనిషికి. మొదటిరోజే 1,920 ముక్కలు. ఇప్పుడవి దాదాపు 50 వేలు. ఏ రోగంతో పోయాడో చెప్పుకోడానికి ఇళ్ళవాళ్ళే జంకిన రోజుల్లో పోయినవాళ్ళ పేర్లు, వాళ్ళ చొక్కాల మీదా జీన్సుల మీదా నేల పొడుగునా పరుచుకున్నాయి.

మన ఇంటి బొంత

ఇంత తిరిగొచ్చాక మన గడప చూసుకుందాం. పంటపనులు ముగిసిన ఎండాకాలం మధ్యాహ్నాల్లో అరుగు మీదో చెట్టునీడనో చీర పరిచి, మూలల మీద రాళ్ళు పెట్టి, లోపల పాతపంచెలు, చిరిగిన దుప్పట్లు సర్ది, పైన కాస్త రంగున్న చీర వేసేవారు. ఇద్దరు ముగ్గురు తలోవైపు కూర్చుని అంచునుంచి లోపలికి టాకాలు వేసుకుంటూ వచ్చేవారు. ఊరూరా తిరిగి బొంతలు కుట్టిపెట్టే సంచార స్త్రీలూ ఉండేవారు. పైపొర చిరిగితే బొంతను విప్పరు. మీద ఇంకో చీర పరిచి కుడతారు. ముదురుబొంత ఒకటి విప్పి చూస్తే లోపల లేతనాటి బొంత కనిపిస్తుంది. ఉతకడానికి వాగుకు మోసుకెళ్ళి ఇద్దరు చెరోకొస పట్టి పిండాల్సిందే.

మన చుట్టుపక్కలా ఇదే పని వేర్వేరు చేతుల్లో వేర్వేరు అందం తెచ్చుకుంది. లంబాడీల పేటియా లంగాలు, కాంచళి రవికల మీద అద్దాలూ గవ్వలూ రంగు అతుకులూ చేరాయి. ఉత్తర కన్నడ అడవుల్లో, హళియాళ, యల్లాపుర చుట్టుపట్ల ఉండే ఆఫ్రికా సంతతి సిద్దీలు కవంది కుడతారు. అంచునుంచి మొదలుపెట్టి నడిమికి చేరతారు. నాలుగు మూలలా ముక్కోణపు మడతల ‘ఫూల’ పెట్టకపోతే అది బట్టలేని బొంత కిందే లెక్క.  

తెలుగు బొంతకు మాత్రం మ్యూజియమూ లేదు, ముద్రా లేదు. ఒక కారణం, మనం ఇంట్లో ఆడవాళ్ళ చేతిపనిని పనిగా లెక్కించకపోవడం. 1982లో మారియా మీస్ నర్సాపురం లేసు అల్లేవాళ్ళ మీద రాసిన పుస్తకం చెప్పింది ఇదే. విదేశాలకు సరుకు పంపే ఆ స్త్రీలను ఇంట్లో కూర్చుని తీరికవేళ అల్లుకునే గృహిణులుగానే లెక్కగట్టారు. లేసుకు కనీసం కూలి రేటుండేది. బొంతకు అదీ లేదు.

రెండో కారణం వీధిలోంచి వచ్చింది. నైలెక్సు, పాలిస్టరు చీరలు దిగాయి. అవి సూదికి జారతాయి, చెమట పీల్చవు, బొంతకు పనికిరావు. మిగిలిన నూలుచీరల కోసం ‘పాతబట్టలకు స్టీలు సామాన్లు’ అన్న కేక వచ్చింది. నాలుగు చీరలకు ఓ గిన్నె, జరీ ఉంటే ఇంకాస్త పెద్దది. బొంత సరుకంతా ఆ బుట్టలో ఊరు దాటింది. తర్వాత పానిపట్ మిల్లులు చలిదేశాల పాత ఉన్నిబట్టలను చీల్చి, దారం తీసి నేసిన చవక కంబళ్ళు సంతల్లోకి వచ్చాయి. చూడబోతే అదీ పాతగుడ్డ పునర్జన్మే. కాకపోతే అందులో ఎవరి చీర ఎక్కడుందో చూపించగలిగిన వాళ్ళు లేరు.

గోడ మీద

ఇప్పుడు బొంత తిరిగొస్తోంది. దర్జీ కొట్టు కత్తిరింపులు, మూలనపడ్డ జీన్సులు, అమ్మ నేతచీరలు పట్టుకుని నగరాల్లో చాలామంది మళ్ళీ సూది చేతబడుతున్నారు. కొందరు కప్పుకోడానికి, ఎక్కువమంది గోడకు తగిలించడానికి. దీన్ని తీరికున్నవాళ్ళ సరదా అని కొట్టిపారేయడం సులువు, కాని మారింది లెక్క. నిన్నటిదాకా గుడ్డ ప్రియం, ఆడవాళ్ళ చెయ్యి చవక. ఇవాళ గుడ్డ కుప్పలు కుప్పలు, నిదానంగా కుట్టే చెయ్యే ప్రియం. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో తేల్చుకునే ఆ కన్ను మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కరువు బొంతను కుట్టించి ఉండొచ్చు, ఆ ఎర్రముక్కను ఆ మూలే పెట్టమని కరువు చెప్పలేదు.

చీరలిచ్చి తీసుకున్న ఆ స్టీలు గిన్నెల మీద మనవాళ్ళు శ్రద్ధగా పేర్లు కొట్టించారు. పెళ్ళి తేదీ, ఇంటిపేరు, ఇచ్చినవారి పేరు. అవి ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి, తీసి చదువుకోవచ్చు. మన ఇళ్ళ బొంతల మీద మాత్రం ఒక్క అక్షరమూ లేదు. ఈసారి కుట్టేవాళ్ళు, గోడకైనా పక్కకైనా, ఓ మూల నాలుగక్షరాలకు జాగా వదులుకుంటే బాగుంటుంది. అంచులోంచి తీసిన దారం బెత్తెడు చాలు.